డ్యాష్‌బోర్డు మీది ఎర్ర దీపం

తాళం తిప్పగానే వెలిగి, ఇంజను అందుకోగానే ఆరిపోయే చిన్న ఎర్ర దీపం ఒకటి దాదాపు ప్రతి మోటారు బండి డ్యాష్‌బోర్డు మీదా ఉంటుంది. మెకానిక్కుల వాడుకలో దాని పేరు చార్జింగ్ లైటు. బ్యాటరీకి కరెంటు అందుతున్నదో లేదో చెప్పడానికి పెట్టిన గుర్తు మాత్రమే అదనీ, బల్బు మాడిపోయినా బండి నడకకు లోటేమీ రాదనీ అనుకునేవారు డ్రైవర్లలోనే కాక, బండ్లు కట్టేవారిలోనూ కనిపిస్తారు. కంపెనీలో పూర్తిగా తయారై వచ్చిన కారులో ఈ అపోహ వల్ల కలిగే నష్టం తక్కువ కావచ్చు. కాని ఛాసిస్ ఒకచోట, ఇంజను మరొకచోట, మీటర్ల బోర్డు ఇంకొకచోట సంపాదించి సొంతంగా కూర్చుకున్న బండిలో ఆ దీపం సంగతి తెలియకపోతే, కొత్త బ్యాటరీ, కొత్త ఆల్టర్నేటరు, కొత్త తీగలు అన్నీ ఉండి కూడా మూడో రోజు ఉదయానికి బండిని నలుగురు తోస్తే గాని కదలని స్థితి వస్తుంది. ఎందుకంటే చాలా ఆల్టర్నేటర్లలో ఆ బల్బు గుండా పారే కొద్దిపాటి విద్యుత్తే యంత్రాన్ని మేల్కొలుపుతుంది.

బండిని సొంతంగా కట్టుకోవడం విజయవాడకు కొత్త విద్య కాదు. ఇంద్రకీలాద్రికీ రైలు పట్టాలకూ నడుమ ఒదిగిన వన్ టౌన్ తరతరాలుగా కృష్ణా డెల్టా వర్తకానికి ఆయువుపట్టు. కాళేశ్వరరావు మార్కెట్టు చుట్టుపక్కల వీధుల్లో సరుకు దించడం, ఎక్కించడం ఎడతెగక సాగే పని. ఆ సరుకును మోసే లారీలకు మరమ్మతులు చేసే చేతులన్నీ ఒకచోట చేరడానికి 1960లలో పటమట, కానూరుల సమీపాన జవహర్ ఆటోనగర్ వెలిసింది. అక్కడి బాడీ బిల్డింగ్ షెడ్లకు కంపెనీ నుంచి చాలాకాలం వచ్చింది కౌల్ ఛాసిస్, అంటే ఇంజను, చక్రాలు, స్టీరింగు, మీటర్లు బిగించిన ముందు గోడ వరకే ఉండి, పైన క్యాబిను గాని వెనుక తొట్టి గాని లేని బండి. డ్రైవరు కూర్చునే గది మొదలు వెనుక దీపం వరకు మిగిలినదంతా ఆటోనగర్ వడ్రంగి, వెల్డరు, పెయింటరు, వైరింగ్ మేస్త్రి కలిసి నిలబెట్టినదే. మహీంద్రా సంస్థ 1947లో విల్లిస్ నమూనా జీపులను కూర్చడం మొదలుపెట్టిన తరువాత దశాబ్దాలపాటు పొలాల గట్ల మీద, కాలువ కట్టల మీద తిరిగిన జీపులు పాతబడినప్పుడు, వాటి పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను దించి, తొట్టి మార్చి, మళ్లీ రోడ్డెక్కించే పని కూడా ఇటువంటి షెడ్లలోనే జరిగేది. సొంతంగా కట్టుకున్న బండి అన్న మాటకు మన దగ్గర సరిపోయే అర్థం ఇదే.

ఇక్కడ చట్టం సంగతి ఒకటి చెప్పి ముందుకు సాగడం అవసరం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించి, రిజిస్ట్రేషను పత్రంలో నమోదైన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. ఇంజను మార్చదలచినవారు రవాణా శాఖ అనుమతి ముందుగా పొందాలి. పాత బండిని ఉన్న రూపంలోనే బాగుచేసుకునేవారికీ, దాని వైరింగు మొత్తం విప్పి కొత్తగా వేసుకునేవారికీ ఈ వ్యాసంలోని విషయం యథాతథంగా వర్తిస్తుంది.

డైనమో పోయింది, పేరు మిగిలింది

ఆటో ఎలక్ట్రీషియన్ల దుకాణాల మీద ‘సెల్ఫ్, డైనమో వర్క్స్’ అన్న బోర్డులు నేటికీ కనిపిస్తాయి. సెల్ఫ్ అంటే ఇంజనును తిప్పి లేపే స్టార్టరు మోటారు. డైనమో అన్న మాట మాత్రం యంత్రం మారిపోయినా పోని మాట. ఆ దుకాణాల్లో నేడు బల్ల మీద విప్పి ఉండేది దాదాపు ఎప్పుడూ ఆల్టర్నేటరే. రెండింటికీ మూలసూత్రం మైకేల్ ఫారడే 1831లో కనుగొన్నదే: తీగచుట్టకూ అయస్కాంతానికీ మధ్య కదలిక ఉంటే తీగలో విద్యుత్తు పుడుతుంది. డైనమోలో అయస్కాంత క్షేత్రం నిలకడగా ఉండి, ఆర్మేచరు అనే తీగచుట్ట తిరుగుతుంది. బండికి కావలసిన కరెంటంతా ఆ తిరిగే చుట్ట నుంచి రాగి పలకల కమ్యుటేటరు మీద రాసుకునే కార్బన్ బ్రష్షుల ద్వారానే బయటికి రావాలి. అందువల్ల ఎక్కువ కరెంటు తీస్తే నిప్పురవ్వలు లేస్తాయి, వేగంగా తిప్పితే చుట్టలు ఊడతాయి. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు డైనమో నుంచి వచ్చేది దాదాపు సున్న. అప్పుడు బ్యాటరీ కరెంటు ఎదురు తిరిగి డైనమోలోకే పారకుండా అడ్డుకునే కటౌటు అనే స్విచ్చు కూడా ఉండవలసి వచ్చేది.

ఆల్టర్నేటరులో ఈ ఏర్పాటు తలకిందులైంది. అయస్కాంతం తిరుగుతుంది, కరెంటు పుట్టే చుట్టలు కదలకుండా ఉంటాయి. వందల వాట్ల శక్తి నిలకడగా ఉన్న చుట్టల నుంచి నేరుగా వస్తుంది. తిరిగే భాగానికి బ్రష్షుల ద్వారా అందించవలసినది మహా అయితే నాలుగైదు ఆంపియర్లు. చిక్కల్లా ఒక్కటే. ఇలా పుట్టే విద్యుత్తు దిశ మారుతూ ఉండే ఏసీ, బ్యాటరీ పుచ్చుకునేది ఒకే దిశలో పారే డీసీ. విద్యుత్తును ఒక వైపే పోనిచ్చే సిలికాన్ డయోడ్లు చౌకగా, చిన్నవిగా దొరికే వరకు కారులో ఆల్టర్నేటరుకు చోటు లేకపోవడానికి కారణం ఇదే. అమెరికాలో క్రైస్లర్ సంస్థ 1960 వాలియంట్ కారుతో దీనిని ప్రామాణికంగా బిగించడం మొదలుపెట్టింది. మన దేశంలో 1961లో మద్రాసు కేంద్రంగా ఏర్పడిన లూకాస్ టీవీఎస్ వంటి సంస్థల యంత్రాలతో ఆటోనగర్ తరం తరువాత తరం ఈ పని నేర్చుకుంది.

రోటరు, స్టేటరు, డయోడ్లు

బెల్టు మీద తిరిగే ఇరుసునూ, దాని మీది తీగచుట్టనూ, ఆ చుట్టను రెండు వైపుల నుంచి పంజాల్లా కమ్ముకున్న ఇనుప ధ్రువాలనూ కలిపి రోటరు అంటారు. రోటరు తనంత తాను అయస్కాంతం కాదు. దాని చుట్టలో కరెంటు పారినప్పుడే అవుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతా కథంతా విప్పుకుంటూ పోవచ్చు. రోటరు చుట్టూ కదలకుండా ఉండే మూడు చుట్టల సమూహం స్టేటరు. మూడు చుట్టల్లో ఒకదాని వెనుక ఒకటిగా పుట్టే ఏసీని ఆరు డయోడ్లు ఒడిసిపట్టి డీసీగా మార్చి ‘బి ప్లస్’ అనే లావు బోల్టు దగ్గర బ్యాటరీకి అందిస్తాయి. ఇవి కాక మరో మూడు చిన్న డయోడ్లు అదే స్టేటరు నుంచి కొద్ది కరెంటును విడిగా తీసి ‘డి ప్లస్’ అనే సన్న టెర్మినలుకూ, అక్కడి నుంచి రోటరుకూ పంపుతాయి. అంటే నడక అందుకున్న ఆల్టర్నేటరు తన అయస్కాంతానికి కావలసిన కరెంటును తానే పుట్టించుకుంటుంది. ఓల్టేజి మరీ పెరగకుండా రోటరు కరెంటును క్షణక్షణం కలుపుతూ తెంచుతూ ఉండేది రెగ్యులేటరు. పాత అలవాటు కొద్దీ దీనిని కూడా కటౌటు అనే మేస్త్రులున్నారు. పన్నెండు ఓల్టుల బండిలో ఇది 13.8 నుంచి 14.4 ఓల్టుల మధ్య, ఇరవైనాలుగు ఓల్టుల లారీలో సుమారు 28 ఓల్టుల దగ్గర నిలబెడుతుంది.

యంత్రం తన కరెంటును తానే పుట్టించుకుంటుందన్న చోటే అసలు ప్రశ్న ఎదురవుతుంది. ఇంజను ఇంకా తిరగనప్పుడు స్టేటరులో కరెంటు లేదు. స్టేటరులో లేదు గనుక రోటరుకు లేదు. రోటరుకు లేదు గనుక అది తిరిగినా స్టేటరులో పుట్టదు. చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టున్న ఈ చిక్కు ముడిని విప్పేది డ్యాష్‌బోర్డు మీది ఎర్ర దీపం.

ఆ దీపపు ఒక కొస ఇగ్నిషన్ స్విచ్చుకు, అంటే తాళం తిప్పితేనే కరెంటు వచ్చే తీగకు కలుస్తుంది. రెండవ కొస ఆల్టర్నేటరు డి ప్లస్‌కు పోతుంది. ఇంజను ఆగి ఉండగా తాళం తిప్పితే బ్యాటరీ కరెంటు స్విచ్చు గుండా, బల్బు గుండా, డి ప్లస్ గుండా రెగ్యులేటరునూ బ్రష్షులనూ రోటరు చుట్టనూ దాటి ఎర్త్‌కు, అంటే బ్యాటరీ మైనస్‌తో కలిసిన బండి ఇనుముకు చేరుతుంది. పన్నెండు ఓల్టుల మూడు వాట్ల బల్బు వెలిగినప్పుడు దాని నిరోధం, అంటే కరెంటుకు అది చెప్పే అడ్డు, 48 ఓమ్‌లు. రోటరు చుట్టది మూడు నాలుగు ఓమ్‌లు మాత్రమే. ఉన్న ఓల్టేజిలో పెద్ద వాటా బల్బే తీసుకుంటుంది కనుక అది నిండుగా వెలుగుతుంది, రోటరుకు పావు ఆంపియరు కన్నా కొంచెం తక్కువ అందుతుంది. ఆ కాస్త కరెంటుకే ఇనుప పంజాలు అయస్కాంతాలవుతాయి. ఇంజను అందుకుని రోటరు తిరగగానే స్టేటరులో విద్యుత్తు పుట్టి, చిన్న డయోడ్ల ద్వారా డి ప్లస్‌కు చేరి, అక్కడి ఓల్టేజి బ్యాటరీ ఓల్టేజికి సమానమవుతుంది. బల్బుకు రెండు వైపులా ఒకే ఓల్టేజి నిలిచినప్పుడు దాని గుండా కరెంటు పారదు, దీపం ఆరిపోతుంది. చెరువు నీరూ కాలువ నీరూ ఒకే మట్టానికి వచ్చినప్పుడు తూములో ప్రవాహం ఆగిపోవడం డెల్టా రైతుకు తెలిసిన విషయమే. ఆరిన చార్జింగ్ లైటు చెప్పేది కూడా అదే.

ఇంత చిన్న ఏర్పాటులో ఇంత పొందిక ఉండటం ఆశ్చర్యం గొలుపుతుంది. ఒకే తీగ, ఒకే బల్బు యంత్రాన్ని లేపుతాయి, లేచిందని చెబుతాయి, పడిపోతే మళ్లీ చెబుతాయి. మోటారు బండి వైరింగులో ఇంతకన్నా అందమైన వలయం మరొకటి లేదనడం అతిశయోక్తి కాదు.

ఎల్‌ఈడీ తెచ్చిన తంటా

పాత మీటర్ల బోర్డు తీసి కొత్తది బిగించేటప్పుడు, అందం కోసమో మన్నిక కోసమో బల్బుకు బదులు ఎల్‌ఈడీ పెట్టడం నేడు మామూలైపోయింది. వెలుగులో తేడా లేకపోవచ్చు, కరెంటులో తేడా మాత్రం పది రెట్లు. పన్నెండు ఓల్టుల సూచిక ఎల్‌ఈడీ గుండా పారేది సుమారు 20 మిల్లీ ఆంపియర్లు, అంటే ఆంపియరులో యాభయ్యో వంతు. అంత తక్కువ కరెంటుతో రోటరు తగినంత అయస్కాంతం కాదు. కొన్ని యంత్రాల్లో ఇనుములో మిగిలి ఉన్న పాత అయస్కాంత గుణం వల్ల, ఇంజనును ఒక్కసారి గట్టిగా రేజ్ చేస్తే ఆల్టర్నేటరు లేస్తుంది. ఆ రేజ్ చేయడాన్ని డ్రైవరు అలవాటు చేసుకుంటాడు, లోపం బయటపడదు. ఒకనాడు నెమ్మదిగా సాగిన ప్రయాణం చివర బ్యాటరీ చేతులెత్తేస్తుంది.

దీనికి విరుగుడు చౌక. ఎల్‌ఈడీకి సమాంతరంగా, అంటే దాని రెండు కొసలనూ కలుపుతూ, 68 ఓమ్‌ల, ఐదు వాట్ల నిరోధకం ఒకటి కలిపితే బల్బు ఇచ్చేంత కరెంటు దాని గుండా పారుతుంది. అది సుమారు రెండు వాట్ల వేడి విడుస్తుంది కనుక ప్లాస్టిక్‌కు తగలకుండా బిగించాలి. ఇరవైనాలుగు ఓల్టుల బండికి నిరోధం విలువ దాదాపు మూడు రెట్లు ఉండాలి. బల్బే వాడేవారు కూడా ఇటువంటి నిరోధకాన్ని పక్కన ఉంచుకుంటే, దారిలో బల్బు మాడినా చార్జింగు ఆగదు.

ఎల్‌ఈడీ కన్నా పెద్ద పొరపాటు మరొకటి ఉంది. బల్బు ఎందుకని దానిని పూర్తిగా తీసేసి, ఇగ్నిషన్ తీగను సూటిగా డి ప్లస్‌కు తగిలించడం అది. ఆల్టర్నేటరు తక్షణమే లేస్తుంది, పని బాగా జరిగినట్టే అనిపిస్తుంది. కాని బల్బు అనే అడ్డు తొలగినప్పుడు కరెంటు వెనక్కు కూడా స్వేచ్ఛగా పారుతుంది. తాళం తీసినా డి ప్లస్ నుంచి ఇగ్నిషన్ కాయిలుకో, డీజిలు ఆపే సాలినాయిడుకో కరెంటు అందుతూ ఇంజను ఆగదు; ఇగ్నిషన్ మీద ఆధారపడిన లోడు కొంత ఆ మూడు చిన్న డయోడ్ల మీద పడి అవి మాడిపోతాయి. కొత్త ఆల్టర్నేటరు వారంలో పోయిందని యంత్రాన్ని నిందించే సందర్భాల్లో మేస్త్రి మొదట చూడవలసింది ఈ తీగనే.

లావు తీగ, ఎర్త్ పట్టీ, వెల్డింగు

బి ప్లస్ నుంచి బ్యాటరీకి పోయే తీగ విషయంలో పొదుపు పనికిరాదు. రెండు మీటర్ల పొడవున్న 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 50 ఆంపియర్లు పారితే దారిలోనే సుమారు 0.3 ఓల్టు తగ్గిపోతుంది; అదే 16 చదరపు మిల్లీమీటర్ల తీగలో తగ్గేది 0.1 ఓల్టు మాత్రమే. నిండిన బ్యాటరీకి విశ్రాంతిలో 12.6 ఓల్టులుంటాయి. దానిని చార్జి చేయడానికి రెగ్యులేటరు నిలబెట్టే 14 ఓల్టులకూ, ఈ 12.6కూ ఉన్న తేడా ఒకటిన్నర ఓల్టు లోపే కనుక, అందులో 0.3 పోవడం చిన్న నష్టం కాదు. పైగా బి ప్లస్ తీగలో తాళం తీసినా కరెంటు ఉంటుంది. దారిలో ఎక్కడ ఇనుముకు రాసుకుని ఒరిసిపోయినా మంటలకు దారి తీస్తుంది. బ్యాటరీకి దగ్గరగా తగిన ఫ్యూజు ఉండటం, తీగ రేకు గోడను దాటే చోట రబ్బరు బుష్ వేయడం, ఆల్టర్నేటరు మీద చేయి పెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పడం ఈ మూడూ విడువరానివి.

ఎర్త్‌ను మరచిపోవడం సొంత బండ్లలో చాలా తరచు. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, రబ్బరు కరెంటును పోనివ్వదు. ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య అల్లిన రాగి పట్టీ వేయకపోతే, సెల్ఫ్ కొట్టినప్పుడు వందల ఆంపియర్లు తిరుగు దారి వెతుక్కుంటూ యాక్సిలరేటరు కేబులునో గేరు కడ్డీనో పట్టుకుంటాయి. కేబులు వేడెక్కి పట్టేసిందంటే కారణం కేబులులో కాక ఇంజను కిందే ఉందన్నమాట. పట్టీ బిగించే చోట పెయింటు గీకి మెరిసే ఇనుము కనబడేలా చేయాలి. పెయింటు మీద బిగించిన ఎర్త్ చూపులకు మాత్రమే ఎర్త్.

బాడీ కట్టే షెడ్డులో ఆల్టర్నేటరుకు అన్నిటికన్నా పెద్ద శత్రువు వెల్డింగు. క్యాబిను స్తంభాలకో తొట్టి అడ్డ కడ్డీలకో వెల్డింగు చేస్తున్నప్పుడు ఛాసిస్ అంతా కరెంటు దారిగా మారుతుంది. ఎర్త్ క్లాంపు దూరాన తగిలించి ఉంటే ఆ దారి డయోడ్ల గుండా కూడా పోవచ్చు. బ్యాటరీ తీగలు రెండూ విప్పి, ఆల్టర్నేటరు తీగలు కూడా విప్పి, క్లాంపును వెల్డింగు చేసే చోటుకు జానెడు దూరంలో పెట్టడం పది నిమిషాల పని. అదే విధంగా ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసి చార్జింగు పరీక్షించే పాత పద్ధతి డైనమో కాలానికి చెల్లింది. ఆల్టర్నేటరు ఉన్న బండిలో అలా చేస్తే, లోడు హఠాత్తుగా తెగినందువల్ల ఓల్టేజి ఒక్కసారిగా అనేక రెట్లు ఎగసి డయోడ్లనూ రెగ్యులేటరునూ, నేటి బండ్లలోనైతే కంప్యూటరునూ తీసుకుపోతుంది. ఈ పద్ధతిని ఇంకా పాటిస్తున్న చేతులు దానిని తక్షణం మానుకోవాలి.

వన్ టౌన్ వీధుల లెక్క

ఆల్టర్నేటరు మీద రాసి ఉండే 55 ఆంపియర్లో 65 ఆంపియర్లో అది వేగంగా తిరిగినప్పటి లెక్క. వన్ టౌన్ వీధుల్లో బండి వేగంగా తిరగదు. ఇంజను మీది పుల్లీ 150 మిల్లీమీటర్లు, ఆల్టర్నేటరు పుల్లీ 65 మిల్లీమీటర్లు అయితే, ఇంజను నిమిషానికి 750 చుట్లు తిరిగే నిలకడ వేగంలో ఆల్టర్నేటరు తిరిగేది సుమారు 1,730 చుట్లు. ఆ వేగంలో అది ఇవ్వగలిగేది తన పేరున్న సామర్థ్యంలో మూడో వంతుకు అటూ ఇటూ. ముందు దీపాలు రెండూ కలిపి పది ఆంపియర్లకు దగ్గరగా తీసుకుంటాయి, గాలి పంకా మరో ఎనిమిది, వాన వస్తే వైపరు ఇంకో నాలుగు. బ్యాటరీకి మిగిలేది ఏ ఐదు ఆంపియర్లోనని అనుకుంటే, ఒకసారి సెల్ఫ్ కొట్టిన నష్టం పూడడానికి ఎంతసేపు పడుతుందో లెక్కకట్టవచ్చు. నాలుగు సెకన్లపాటు 200 ఆంపియర్లు వాడితే అది ఐదు ఆంపియర్ల చార్జింగులో 160 సెకన్లకు సమానం. నష్టాలు కలుపుకుంటే మూడు నిమిషాలు. 2005లో వచ్చిన టాటా ఏస్ వంటి చిన్న బండ్లు ఒక వీధిలో ఐదారు దుకాణాల దగ్గర ఆగి, ప్రతిచోటా ఇంజను ఆపి మళ్లీ లేపుతున్నప్పుడు ఆ మూడేసి నిమిషాలు దొరకవు. ఎర్ర దీపం ఆరే ఉంటుంది, బ్యాటరీ మాత్రం రోజురోజుకూ కృశిస్తుంది. దీపం ఆరడమంటే ఆల్టర్నేటరు లేచిందని మాత్రమే అర్థం. బ్యాటరీ నిండిందని కాదు.

ఎండ సంగతి వేరే చెప్పాలి. మే నెలలో 45 డిగ్రీలను తాకే ఊరిలో బానెట్టు కింద వేడి ఇంకా ఎన్నో డిగ్రీలు ఎక్కువగా ఉంటుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ వేడెక్కిన కొద్దీ తక్కువ ఓల్టేజికే నిండుతుంది. పన్నెండు ఓల్టుల బ్యాటరీకి ప్రతి డిగ్రీకీ ఓల్టులో యాభయ్యో వంతు చొప్పున, 30 డిగ్రీలు పెరిగితే 0.6 ఓల్టు తగ్గించాలి. మంచి రెగ్యులేటరు ఈ సవరణ తానే చేసుకుంటుంది. చౌక రకం చేయదు, బ్యాటరీలో నీరు వాయువులుగా విడిపోయి తగ్గిపోతుంది, అప్పుడు కూడా దీపం ఆరే ఉంటుంది. కనుక పాత బండిని కట్టుకునేవారు దీపంతోపాటు చిన్న ఓల్టు మీటరు కూడా బిగించుకోవడం మంచిది.

దీపం పలికే భాష

చెప్పలేనివి కొన్ని ఉన్నా, ఆ దీపం చెప్పేవి తక్కువేమీ కావు. తాళం తిప్పినా వెలగకపోతే బల్బు మాడి ఉండవచ్చు, తీగ తెగి ఉండవచ్చు, లేదా బ్రష్షులు అరిగి రోటరుకు తగలడం లేదు. డి ప్లస్ తీగను విప్పి ఇంజను ఇనుముకు తాకించినప్పుడు దీపం వెలిగితే బల్బూ తీగా బాగున్నట్టే, లోపం యంత్రంలో ఉన్నట్టే. నడిరోడ్డు మీద మీటరు లేకుండా చేయగల పరీక్ష ఇది. ఇంజను నడుస్తుండగా మసక వెలుగు కనిపిస్తే డి ప్లస్‌కూ ఇగ్నిషన్‌కూ మధ్య ఓల్టేజి తేడా మిగిలిందని అర్థం: ఒక డయోడు పోయి ఉండవచ్చు, స్విచ్చు పాయింట్లు కాలి ఉండవచ్చు. తాళం తీశాక కూడా దీపం వెలుగుతూ ఉంటే ప్రధాన డయోడు ఒకటి షార్టయి బ్యాటరీ కరెంటు వెనుక దారిన వస్తున్నదన్నమాట. వెంటనే బ్యాటరీ తీగ విప్పకపోతే తెల్లవారేసరికి ఖాళీ అవుతుంది. ప్రయాణం మధ్యలో హఠాత్తుగా నిండుగా వెలిగితే ముందుగా బెల్టు చూడాలి. చాలా బండ్లలో ఆల్టర్నేటరును తిప్పే బెల్టే నీళ్ల పంపును కూడా తిప్పుతుంది కనుక, బెల్టు తెగిన సంగతిని వేడి మీటరు కన్నా ముందే ఎర్ర దీపం చెబుతుంది. ఆ మాట విని బండి ఆపినవారి ఇంజను మిగులుతుంది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీట మునిగినప్పుడు వేల బండ్లు బురదనీటిలో నానాయి. నీరు తీసిన తరువాత అటువంటి బండిని తొందరపడి స్టార్టు చేయడం ప్రమాదమన్నది ఆల్టర్నేటరుకూ వర్తించే మాటే. రోటరు ఇరుసు మీద బ్రష్షులు రాసుకునే స్లిప్ రింగుల మీద బురద ఎండి పొరకట్టితే బ్రష్షుకూ రింగుకూ మధ్య తాకిడి పోతుంది, దీపం వెలగదు. బేరింగులో చేరిన సన్నని ఒండ్రు నెలల తరువాత శబ్దంగా బయటపడుతుంది. విప్పి, మంచినీటితో కడిగి, తడి పూర్తిగా ఆరబెట్టి, బేరింగులు మార్చి, చుట్టల ఇన్సులేషన్ పరీక్షించిన తరువాతే బిగించాలి.

కొత్త బండ్లలో ఈ వలయం రూపం మారుతున్నది. కొన్ని ఆల్టర్నేటర్లలో ‘ఎల్’ అనే టెర్మినలు రెగ్యులేటరులోని ఎలక్ట్రానిక్ స్విచ్చు చేతిలో ఉండి దీపాన్ని వెలిగించి ఆర్పుతుంది. మరికొన్నిటిలో ఇంజను కంప్యూటరే ఆల్టర్నేటరుకు ఆదేశాలిస్తుంది, అటువంటి యంత్రాన్ని తెచ్చి పాత జీపులో బల్బు తీగతో నడిపించాలని చూస్తే నడవదు. సొంత బండికి ఆల్టర్నేటరు కొనేటప్పుడు ఆంపియర్ల కన్నా ముందు టెర్మినళ్ల పేర్లు చూడాలన్నది ఇందుకే. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే సరుకు లారీలకు ఏసీ క్యాబిను తప్పనిసరి కావడంతో ఆల్టర్నేటరు మీద భారం మరింత పెరుగుతున్నది. క్యాబిను కట్టే చేతులకు ఈ లెక్కలు గతంలో కన్నా ఇప్పుడు ఎక్కువ అవసరం.

ఈ విద్య ఆటోనగర్‌లో ఇంతకాలం చేతి నుంచి చేతికి, గురువు నుంచి కుర్రవాడికి నడిచింది. వైరింగు పటాలు మాత్రం ఇంగ్లీషులోనే ఉన్నాయి. టెర్మినలు మీది అక్షరానికి అర్థం తెలియక, రంగు చూసి తీగ తగిలించే పిల్లవాడిని తప్పు పట్టలేం. ఐటీఐలు, మెకానిక్కుల సంఘాలు, విడిభాగాల వర్తకులు కలిసి ఒక్కొక్క రకం ఆల్టర్నేటరుకు ఒక్కొక్క పేజీ చొప్పున తెలుగులో పటం వేయించి ప్రతి షెడ్డు గోడకూ అంటిస్తే, కాలిపోయే డయోడ్లలో చాలా మిగులుతాయి. పాఠకులు చేయగలిగినది అంతకన్నా సులువు. రేపు ఉదయం బండి తీసేటప్పుడు తాళాన్ని ఒక్కసారిగా చివరి దాకా తిప్పకుండా మొదటి మెట్టు దగ్గర ఆపి, బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్ర దీపం వెలుగుతున్నదో లేదో చూడండి. వెలగకపోతే, బండి ఎంత బాగా నడుస్తున్నా సరే, ఆ రోజే ఎలక్ట్రీషియనుకు చూపించండి.